ఏ అతుకు నిలుస్తుంది?

ఓడల మరమ్మతు యార్డులో పదకొండేళ్ళు పనిచేసిన వెల్డరు అతను. రెట్టింపు జీతమన్న ప్రకటన చూసి ఇంటర్వ్యూకు వెళ్ళాడు. అక్కడ బంగారు ఫ్రేము కళ్ళజోడు పెద్దమనిషి ఐదు నిమిషాలు తేనెలొలికేలా మాట్లాడి, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని, "రేపే రాజీనామా ఇచ్చెయ్యండి" అన్నాడు. ఇచ్చేశాడు. వారం తిరిగేసరికి ఆ ఆఫీసూ లేదు, మనిషీ లేడు, యార్డులో తన చోటూ లేదు. సర్టిఫికెట్లు మళ్ళీ తీసుకుందామంటే అవిచ్చిన శిక్షణ సంస్థ ఎప్పుడో మూతబడింది. నాలుగేళ్ళుగా రోడ్డు పక్క షెడ్డులో కిటికీ ఊచలు అతుకుతున్నాడు. కడుపులో కుంపటి మాత్రం ఆరలేదు.

ఒక సాయంత్రం, తన దగ్గరే పని నేర్చుకున్న బావమరిది గాల్లో తేలుతూ వచ్చాడు. పది నిమిషాల్లో ఉద్యోగం ఖాయమైందట.

"రాడ్డు చేతికిచ్చి అతుకు వేయించారా?"

"లేదు బావా. నీ మాటతీరు చాలన్నారు."

"వెల్డర్ని మాటతీరు చూసి తీసుకుంటార్రా ఎవరైనా? ఆఫీసుకి బోర్డుందా?"

"ఇంకా రాలేదట. రేపు ఒరిజినల్స్ తెమ్మన్నారు. ఈలోపు ఎవరికీ చెప్పొద్దన్నారు."

"మాట్లాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడా?"

బావమరిది ముఖం పాలిపోయింది. "నీకెలా తెలుసు?"

"పోలీసులకు చెప్పి ఊరుకోండి" అంది భార్య. చెప్పాడు. ఊరుకోలేదు. మర్నాడు పదకొండింటికి వస్తామన్నారు వాళ్ళు. అతను పదిన్నరకే వెళ్ళాడు, సంచిలో రెండు ఇనప ముక్కలతో.

వరండాలో పదిహేనుమంది వెల్డర్లు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అతను తలుపు బార్లా తెరిచి ముక్కలు బల్ల మీద పెట్టాడు. ఒకదాని అతుకు నున్నగా మెరుస్తోంది, రెండోది మసిబారి ఉంది.

"ఈ రెండిట్లో ఏ అతుకు నిలుస్తుంది సార్?"

పెద్దమనిషి గొంతు సవరించుకుని మెరిసేదాన్ని చూపించాడు. అతను దాన్నెత్తి బల్ల అంచుకేసి కొట్టాడు. రెండుగా విరిగి కింద పడింది.

"రంగేసిన అతుకది. పని నేర్చిన మొదటి వారమే పోల్చుకుంటాం" అన్నాడు వరండాలో ఒకాయన. అందరూ లేచి, ఫైళ్ళు చంకలో బిగించుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"నేను గుర్తున్నానా?" అన్నాడు వెల్డరు.

పెద్దమనిషి ఎగాదిగా చూశాడు. "రోజూ ఎంతోమంది వస్తారు బాబూ."

నిజంగానే గుర్తులేదు. ఆ మాటకు వెల్డరు ఒళ్ళు భగ్గుమంది. చెయ్యి లేచింది. ఒక్క దెబ్బ వేస్తే వీడే బాధితుడైపోతాడని దించుకున్నాడు. కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చుని, పోయిన నాలుగేళ్ళనీ ఒక్కొక్క నెలగా చెప్పడం మొదలుపెట్టాడు. పోలీసులు వచ్చేదాకా ఆపలేదు. అవతలివాడికి వినక తప్పలేదు.

పేర్లు మార్చి అమ్ముకోవడానికి దాచిన అరవైమంది సర్టిఫికెట్లు బీరువాలో దొరికాయి. అతనివి లేవు. అయినా ప్రతి వాయిదాకూ పని మానుకుని వెళ్ళి ముందు వరుసలో కూర్చునేవాడు. చివరికి మూడేళ్ళ శిక్ష పడింది.

"ఇప్పటికైనా చల్లారిందా?" అని అడిగింది భార్య.

"సగం" అన్నాడు, ఆవిడ దగ్గర అబద్ధమాడటం ఇష్టంలేక.