రెండో తాడు జవాబు

దువ్వాడలో మా ఇంటి కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటరూ, దానికి తీగతో కలిపిన డిజిటల్ కీబోర్డూ ఉంటాయి. రికార్డింగు మొదలుపెడితే ముందుగా నాలుగుసార్లు టిక్కుమంటుంది, ఆ తర్వాత పాట పొడుగునా టిక్కుమంటూనే ఉంటుంది. టిక్కుకీ టిక్కుకీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉండదు. పదో తరగతితో చదువాగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఆ చప్పుడు నాకు హాయిగా ఉండేది, కిందటేడు మా చిన్నాన్న హెడ్‌ఫోన్లని చెవుల మీంచి లాగిపడేసేదాకా.

చిన్నాన్నకి గొంతులో గడ్డ. ఆపరేషన్ తర్వాత మాట తగ్గుతుందని, పాట రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు. వల లాగేటప్పుడు ఆయన పాడే పాట పూర్తిగా వచ్చినవాళ్లు మా పేటలో ఇంకెవరూ లేరు. అందుకని ఆపరేషన్‌కి ఆరు రోజులుందనగా ఇంటికి తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. ఆయనేమో ప్రతి వరుస తర్వాతా ఆగిపోతున్నాడు, టిక్కు ముందుకు వెళ్లిపోతోంది.

“ఏట్రా ఇది, సెవిలో కోడి పొడిసినట్టు?”

“దానికి తగ్గట్టు అందుకోవాల సిన్నాన్నా. మద్దిలో ఆగిపోతన్నావు.”

“ఆగకపోతే ఎలాగరా?” అని విసుక్కుని, ఇక పాడనని లేచిపోయాడు.

ఎందుకు ఆగాలో ఆయన నాకు పదేళ్లప్పుడే నేర్పాడు. మరిచిపోయింది నేను.

నేను పెరిగిన మా పేట విశాఖ సముద్రం ఒడ్డునే. చలికాలం తెల్లవారుజామున పోర్టులో ఓడ కూత వినబడేసరికి మా అమ్మ రాత్రి గంజిలో నానిన అన్నం, కాల్చిన ఎండు నెత్తళ్లు, ఒక పచ్చిమిరపకాయ పెట్టేది, అవి తింటూనే పిల్లలం ఇసుకలోకి పరిగెత్తి, పీతల కన్నాల్లో పుల్లలు పెట్టి, ఎవరి కన్నంలోంచి ముందు పీత వస్తుందా అని పందాలు వేసుకునేవాళ్లం. ఈలోగా అలివి వల వేసే పడవ సముద్రంలోకి వెళ్లి, అర్ధచంద్రాకారంగా వల విడుచుకుంటూ తిరిగి ఒడ్డుకి వచ్చేది. ఆ వలకి రెండు తాళ్లు, తాడుకో గుంపు, మధ్య ఒక కేక దూరం. రెండు గుంపులూ లాగుతూ లాగుతూ ఒకదాని వైపు ఒకటి జరుగుతూ, వల ఒడ్డుకి చేరేసరికి పక్కపక్కకి వచ్చేసేవి. మొదటి తాడు ముందు మా చిన్నాన్న, రెండో తాడు ముందు ఆయన బావ ఎర్రయ్య మావ. “తాడొచ్చిందా బావా” అని చిన్నాన్న ఎత్తుకుంటే, “ఒత్తంది ఒత్తంది, లాగు” అని అటునుంచి తీరిగ్గా వచ్చేది. ఎర్రయ్య మావ ఎప్పుడూ ఒక ఊపిరి ఆలస్యమే. “బావ నిద్దరోతన్నాడు, ఎవులైనా లేపండ్రా” అని చిన్నాన్న అంటే తాడు పట్టుకున్నవాళ్లంతా నవ్వేవాళ్లు.

ఒకరోజు చిన్నాన్నకి జలుబుచేసి గొంతు పెగల్లేదు. బడిలో డ్రిల్లుకి అంకెలు చెప్పేది నేనే కాబట్టి, నేను చెబుతానన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గడియారంలా చెప్పుకుపోయాను. మా తాడు పట్టినవాళ్లు ఆ జోరుకి లాగేశారు. గాలికి నా గొంతు అటువైపు వినబడలేదు, వినబడిందో లేదో నేను కనుక్కోనూ లేదు. వల మావైపుకి ఒరిగి, అటుపక్క తెరుచుకున్న సందులోంచి సావిడాయి చేపల గుంపు మా కళ్లముందే వెండి తీగలా జారిపోయింది. ఎవరూ నన్ను కొట్టలేదు. చిన్నాన్న మాత్రం బొంగురు గొంతుతో, “నెక్క బాగానే ఎట్టేవురా. అటుపక్కోల మాట ఇన్నావా మరి?” అన్నాడు.

అది గుర్తొచ్చి, చిన్నాన్నని మళ్లీ మైకు ముందు కూర్చోబెట్టి, ఈసారి టిక్కు తీసేసి, “ఎర్రయ్య మావ అటుపక్క ఉన్నాడనుకుని పాడు సిన్నాన్నా” అని బతిమాలాను. “అనుకోడమేటి?” అంటూ లేచి నిలబడి, ఎదుటి గోడవైపు తిరిగి, మొదటినుంచి చివరిదాకా పాడాడు. తర్వాత కంప్యూటర్ తెర మీద ఒక్కొక్క ఖాళీనీ కొలిచాను. మొదటిది దాదాపు అయిదు సెకన్లు. పోనుపోను తగ్గుతూ చివరిది మూడు కూడా లేదు. గదిలో ఒక్కడే నిలబడి, ఆ రెండు గుంపులూ దగ్గరికి జరగడం కూడా పాడేశాడు. ఆ ఖాళీల్లో కీబోర్డు మీద జవాబులు వాయించి నింపుదామని రెండు రోజులు కూర్చున్నాను. వేసినదల్లా చెరిపేసి, వాటిని అలాగే వదిలేశాను.

మా ఒడ్డున ఇప్పుడు అలివి వల లాగడంలేదు. తాడు పట్టినవాళ్ల పిల్లలు కొందరు పోర్టులో క్రేన్లు నడుపుతున్నారు, కొందరు ఇంజను బోట్లమీద దూరం వేటకి పోతున్నారు. ఎర్రయ్య మావ పోయి చాలా ఏళ్లయింది. ఆపరేషన్ అయ్యాక చిన్నాన్నకి గుసగుస మాత్రమే మిగిలింది.

మొన్న ఇంటికొస్తే పాట వినిపించాను. మొదటి ఖాళీ రాగానే నేనేదో చెప్పబోయాను. ఊరుకోమని చెయ్యెత్తాడు. తల కాస్త వాల్చి, ఆ అయిదు సెకన్లూ విని, నావైపు తిరిగి నవ్వుతూ, దగ్గరగా ఉంటే తప్ప వినబడని గొంతుతో అన్నాడు:

“సూసేవా, బావ ఇప్పటికీ ఆలీసంగానే అందుకుంటన్నాడు.”