నలభై పుల్లల చక్రం

మొన్న నీళ్ళ టిన్ను కట్టుకుని నేను తోసుకొస్తుంటే మా పాత సైకిలు వెనక చక్రంలో నాలుగు పుల్లలు తెగి, రిమ్ము వంకరపోయింది. నడిపించుకుంటూ నూజివీడు రోడ్డులోని షాపుకి తీసుకెళ్తే, షాపతను దానివైపు సరిగా చూడకుండానే, పారేసి కొత్త చక్రం వేయించుకోండి మామ్మగారూ, పుల్లలు అల్లుకుంటూ కూర్చునేవాళ్ళు ఇప్పుడెవరున్నారండీ అన్నాడు. ఆ ఎండలో అంతదూరం నడిచిన ఒంటికి వాదించే ఓపిక లేక, చక్రం విప్పించుకుని ఆటోలో ఇంటికి తెచ్చేశాను. సైకిలు మీద కాపురం ఈదినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు, అలాంటిదాన్ని పారేయడం అంత తేలిక కాదు.

పెళ్ళయిన కొత్తలో మా బావ, అంటే మా ఆయన, రెడ్డిగూడెం వైపు మామిడి తోటల్లో కోసిన కాయని రెండు గంపల్లో సైకిలుకి కట్టుకుని నూజివీడు మార్కెట్టుకి చేరవేసేవాడు. చిన్నరసాలు పండుబారితే ఒక్క పూట కూడా ఆగవు కనుక, వేసవి రెండు నెలలూ మా ఇంట్లో జ్వరం తెచ్చుకోవడానికి కూడా తీరిక ఉండేది కాదు. ఒక ఏడు మంచి కోతల మీద ఉండగా, తూము దగ్గర గోతిలో దిగి వెనక చక్రం అప్పడంలా మడతపడింది. బరువెక్కువైందన్నాడు, నేనూ నమ్మాను.

నలభై పుల్లలూ ఊడదీసి, వంగినవాటిని రాతి మీద సుత్తితో సాపు చేసి, ఒకటి లోపలి నుంచి ఒకటి బయటి నుంచి హబ్బుకి గుచ్చి రిమ్ము దాకా అల్లడం ఆయన వేళ్ళకే తెలుసు. నా జడ నేను అల్లుకోవడం కూడా అంత తేలిగ్గా వచ్చేది కాదు. చిక్కంతా ఆపైన వంకర తీయడంలో వచ్చింది. రిమ్ముకి దగ్గరగా సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పితే వంకర ఉన్నచోట తెల్లగీత పడుతుంది, అక్కడ అటువైపు పుల్లలు కాస్త వదులు చేసి, రెండోవైపువి పానాతో బిగించాలి. గీత నా కంటికి జానెడు పొడవున కనబడుతోంది, ఆయన మాత్రం దానికి బెత్తెడు అవతల బిగిస్తున్నాడు. అలా మూడుసార్లు.

"బావా, గీత కనబడట్లేదా నీకు?" అన్నాను.

పానా కింద పెట్టాడు. "రెండేళ్ళ నుంచీ ఇంతేనే. ఎవరితోనూ అనకు. తెలిసిందంటే నాకు కాయ ఎక్కించరు," అన్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నది నేనే. కళ్ళకి కట్టు కడితే కోతలు పోతాయని భయపడి, కాయ అయ్యాక వెళ్దాంలే అన్నదీ నేనే. ఆ పూట గీత నేను చూశాను, బిగింపు ఆయన పుల్లల్ని మీటి చెవితో తేల్చాడు. చక్రం నిలబడింది. మర్నాటి నుంచి ముందు రాడ్డు మీద కూర్చుని, గొయ్యి, గేదె, లారీ అంటూ నేను దారి చెబుతుంటే ఆయన తొక్కేవాడు. కొత్త జంట సరదా అని జనం నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారని ఊరుకున్నాం.

కాయ అయ్యాక ఊడ్పులు, ఊడ్పుల తర్వాత వరికోతలు, మళ్ళీ మామిడి పూత. అలా నాలుగేళ్ళు. చివరికి వెళితే నీటికాసులట, చూపుని కొద్దికొద్దిగా తినేసే జబ్బు. ముందే వచ్చుంటే ఉన్న చూపైనా నిలిచేదమ్మా అని డాక్టరు మెత్తగానే చెప్పాడు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మొన్న తెచ్చిన చక్రం ఆయన ఒళ్ళో పెడితే, ఒక్కొక్క పుల్లా మీటుకుంటూ తెగినవాటి దగ్గర ఆగాడు. పాత డబ్బాలో నాలుగు పుల్లలు వెతికి వేసి, సుద్దముక్క పట్టుకుని తిప్పాను గానీ, గీత నాకూ మసగ్గానే ఉంది. శుక్లాలు. ఆపరేషనుకి పేరు రాసుకుంటానని ఆశా వర్కరు రెండుసార్లు వస్తే, కోతలయ్యాక చూద్దాంలే అని పంపేశాను. తోటల్లో మాకిప్పుడు పనేమీ లేదు, ఆ మాట నోటికి అలవాటైపోయింది, అంతే. ఆయనకి చెప్పలేదు. నా చేతిలో పానా ఆగిపోయేసరికి ఆయనే గ్రహించాడు.

"ఈసారి కాయ అయ్యాక అనకే," అన్నాడు.

ఇప్పుడు కాయ ట్రక్కు ఆటోల్లో పోతోంది, కంటి డాక్టర్ల వ్యాను ఊళ్ళోకే వస్తోంది. ఆ వ్యాను అప్పుడే వచ్చుంటే అనుకుంటాను గానీ, వచ్చినా మేము కాయ అయ్యాకే ఎక్కేవాళ్ళమేమో. సోమవారం నేను వెళ్తున్నాను. చక్రం సగం వంకరతో గోడకి ఆనించి ఉంది. ఇన్నేళ్ళూ మా కళ్ళే ఆగాయి, ఈసారికి చక్రాన్ని ఆగమన్నాను.