వదిన చూపించిన యూరప్

మొన్న ఆదివారం బోటనీ డౌన్స్‌లో మా ఇంటికొచ్చిన మిత్రులు తమ యూరప్ యాత్ర ఫోటోలు చూపించారు. ప్రతి ఫోటోలోనూ వెనక ఏదో పెద్ద కట్టడం, ముందు వాళ్ళు. "ఆ ఊళ్ళో ఇళ్ళ తలుపులు ఎలా ఉన్నాయి?" అని అడిగాను. వింతగా చూశారు. ఆ అలవాటు నాకు అంటించింది మా వదిన.

రెండు వేల దశకం మొదట్లో, ఈ కివీ పక్షుల దేశానికి దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో అన్నయ్య వాళ్ళింట్లో ఉంటూ, ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో టూరిజం కోర్సు చదివేవాణ్ణి. ఇంట్లో హీటరు పక్కన కూర్చుని విసిగిపోయిన వదిన కూడా అదే క్లాసులో చేరింది. చీర మీద అన్నయ్య పాత ఓవర్‌కోటు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. గుంటూరులో హైస్కూలు టీచరుగా చేసి రావడంతో, ఎవరైనా తప్పు చెబితే ఊరుకోలేని జబ్బు ఆవిడది. ఆవిడ ఇంగ్లీషులో 'ర'లు గులకరాళ్ళలా దొర్లేవి. లండన్ నుంచి వచ్చిన మా ట్యూటరు ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా "మళ్ళీ చెప్పండి" అనేవాడు, అర్థం కాక కాదు.

కోర్సు ఆఖర్న తలా పది నిమిషాలు మాట్లాడాలి. ఏదైనా ఒక యూరప్ నగరానికి దాని స్వభావాన్నిచ్చే చిన్న చిన్న విశేషాలు చెప్పాలి. అది తప్పితే కోర్సు తప్పినట్టే. మేమంతా పారిస్, రోమ్ అని ఇంటర్నెట్‌లోంచి దించుకున్నాం. వదిన మాత్రం ఇన్వర్‌కార్గిల్ అని రాసిచ్చింది.

ట్యూటరు నవ్వాడు. "ఇది యూరప్ కాదు. పైగా ఇక్కడ చూడ్డానికేముంది?"

"స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరిది. వీధులకి అక్కడి నదుల పేర్లే పెట్టుకున్నారు. రండి, చూపిస్తాను," అంది వదిన.

నేను కోటు అంచు లాగాను. "వదినా, ఇంకో ఊరు తీసుకో. పాసై బయటపడదాం."

"నువ్వూరుకో అబ్బాయ్. ఆయనకి చూడ్డం రాకపోతే, ఏమీ లేదని నేనొప్పుకోవాలా?"

చెవులు కోసే గాలిలో క్లాసు క్లాసంతా, అలా స్కాట్లండ్ నది పేరు పెట్టుకున్న డీ వీధిలోకి నడిచాం. ఎప్పుడో మూతపడ్డ బట్టల దుకాణం గడపలో, చిన్న చిన్న పెంకులతో పొదిగిన యజమాని పేరు చూపించింది. చర్చి మెట్ల పక్కన, బూట్ల బురద గీక్కోవడానికి పాతిన ఇనుప పట్టీ చూపించింది. చివరికి మూల మీది బేకరీలోకి తీసుకెళ్ళి, గల్లా దగ్గరున్న ముసలావిణ్ణి పలకరించింది. ఆవిడ చలి గురించీ, తాజా రొట్టెల గురించీ చెబుతుంటే, తాతల నాటి స్కాట్లండ్ యాసలో ప్రతి 'ర' గట్టిగా దొర్లింది, అచ్చం వదిన నోట్లోంచి వచ్చినట్టే.

వదిన ట్యూటరు వైపు తిరిగింది. "ఈవిణ్ణి కూడా మళ్ళీ చెప్పమంటారా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి, చలికి కాదు. వదినకి బొటాబొటి పాస్ మార్కులు వేశాడు. ఆవిడ లెక్కచెయ్యలేదు. మరుసటి వేసవి నుంచి అదే కోటులో టూరిస్టులకి ఊరు చూపించే పనిలో చేరింది.

పరువు పోతోందని ఆ రోజు అందరికంటే వెనక తలదించుకుని నడిచిన నేను, ఇప్పుడు అప్పటి వదిన కంటే పెద్దవాణ్ణి. ఇన్నేళ్ళ కాలం నాలో చాలావాటిని చిన్నవి చేసింది గానీ, ఆ పది నిమిషాలని మాత్రం ఏమీ చెయ్యలేకపోయింది.