ఏ బడిదీ కాని యూనిఫాం

చిన్నతనంలో అందరికీ ఏదో ఒక భయం ఉంటుంది. మా వీధి పిల్లల్లో కొందరికి దెయ్యాలంటే భయం, కొందరికి ఇంజక్షన్లంటే భయం, ఎక్కువమందికి లెక్కల మాస్టారంటే భయం. నాకూ మా తమ్ముడికీ మాత్రం ‘ఏ బడమ్మా మీది?’ అన్న ప్రశ్నంటే భయం. అడిగేవాళ్ళు పాపం ప్రేమగా, బుగ్గ గిల్లుతూనే అడిగేవారు. నాకు మాత్రం అరికాళ్ళు చల్లబడిపోయేవి. ఎందుకంటే మేం ఏ బడికీ వెళ్ళేవాళ్ళం కాదు. (అలాగని మాకు చదువు రాదనుకోకండి. ఆ మాట మా అమ్మ చెవిన పడితే మీకు కూడా పరీక్ష పెట్టేస్తుంది.)

తమ్ముడు ఒకటో తరగతిలో చేరిన కొత్తలో రోజూ ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకునేవాడు. బీఈడీ చదివి, ఉద్యోగం రాక ఇంట్లో ఉన్న మా అమ్మ ఓ రోజు వాణ్ణి బడి గేటు దగ్గర నుంచే వెనక్కి తెచ్చేసి, “ఈ గుంటడికి నానే సెప్పుకుంటాను సదువు” అని ప్రకటించింది. ఒకడికి చెప్పే పాఠం ఇద్దరికి చెప్తే సరిపోతుందని నన్నూ మానిపించేసింది. గరివిడి దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసే మా నాన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చి, సగం నిద్రలో “సరే” అన్నాడు. నిద్ర లేచాక ఆ ‘సరే’ గురించి మళ్ళీ మాట్లాడే అవకాశం ఆయనకి దొరకలేదు.

మా బడి అంటే మా ఊరి శాఖా గ్రంథాలయమే. బొబ్బిలికి బస్సులో అరగంట దూరంలో ఉండే చిన్న ఊరు మాది. గ్రంథాలయం పొద్దున్న ఎనిమిదికి తెరిచి పదకొండుకి మూసేవారు, మళ్ళీ సాయంత్రం నాలుగుకి తెరిచేవారు. మా టైంటేబులూ అదే. గ్రంథాలయానికి శుక్రవారం సెలవు కాబట్టి మాకూ శుక్రవారమే సెలవు. ఆదివారం ఊళ్ళో పిల్లలంతా వీధిలో క్రికెట్ ఆడుకుంటుంటే, మేం సంచీలు తగిలించుకుని చదువుకి బయల్దేరేవాళ్ళం. అమ్మ పద్ధతి ఏమిటంటే, ఇద్దరం చెరో రెండు పుస్తకాలు తీయాలి. ఒకటి మనకి అర్థమయ్యేది, ఇంకోటి అస్సలు అర్థం కానిది. పేపర్లో మార్కెట్ ధరలతో తమ్ముడికి లెక్కలు, పాత అట్లాసుతో నాకు భూగోళం. ఇంటికొచ్చాక అమ్మ ఒకటే అడిగేది. “పుస్తకంలో ఏటుందో నాకూ తెలుసు. ఆ రాసినాయన ఏటి సెప్పకుండా వదిలీసాడో అది సెప్పండి.” (ఇప్పటికీ ఏ పుస్తకం చదివినా నా బుర్ర ఆ వదిలేసినదాని కోసమే వెతుకుతుంది. మనశ్శాంతిగా ఒక్క నవల చదవలేకపోయాను.)

మేం లైబ్రరీ మావయ్యా అని పిలిచే ఆ గ్రంథాలయం ఉద్యోగి మమ్మల్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు. తీసిన పుస్తకం తీసిన చోటే పెడితే చాలు ఆయనకి. పేపర్ల కోసం వచ్చే తాతలు, ఉద్యోగ పరీక్షలకి చదివే అన్నలు, మేము, అంతే అక్కడి జనం. హాయిగా గడిచిపోవలసిన బతుకు. గడవనివ్వనిది మా పక్కింటి పెద్దమ్మ.

పెద్దమ్మకి మేమంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే మమ్మల్ని హడలగొట్టేది. ఓ రోజు ఫోనులో ఏదో చూసి మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. “ఓలమ్మా, ఇది ఇన్నావేటి? బడికెల్లని పిల్లల్ని ఆపీసర్లు జీపులో ఎక్కించుకుని హాస్టల్లో పడీస్తన్నారంట! మగపిల్లల్ని ఒక ఊరు, ఆడపిల్లల్ని ఇంకో ఊరు!” అమ్మ, “ఫోనులో వచ్చిందల్లా నిజమేటి అక్కా?” అని కొట్టి పారేసింది గాని, పెద్దమ్మ మాటలో నాకు వినపడిందల్లా ఆ చివరి ముక్కే. మగపిల్లలు ఒక ఊరు, ఆడపిల్లలు ఇంకో ఊరు. మా తమ్ముడు అప్పటికి నా జడ కొస పట్టుకోకపోతే నిద్రపోయేవాడు కాదు. వాణ్ణి ఎక్కడికో తీసుకుపోతే ఎవరి జడ పట్టుకుంటాడు? ఆ రోజు నుంచి వీధిలో ఏ జీపు కనపడినా వాణ్ణి లాక్కుని ఏదో ఒక అరుగు చాటుకి దూరేదాన్ని. పెళ్ళివారి జీపైనా సరే, పాలవాడి వ్యానైనా సరే.

అమ్మ పైకి అలా కొట్టి పారేసిందా, వారం తిరక్కుండా బొబ్బిలి వెళ్ళి గుడ్డ కొనుక్కొచ్చింది. “బడి పిల్లల్లాగే కనిపిస్తే ఎవలూ అడగరు కదా” అన్నది ఆవిడ ఉపాయం. మా ఊళ్ళో ఉన్న బడులన్నింటి రంగులూ గుర్తు పెట్టుకుని, ఏ బడికీ లేని రంగు ఎంచింది. లేత పసుపు చొక్కా, ఇటిక రంగు స్కర్టూ నిక్కరూ. షావుకారు తాను విప్పుతూ, “మంచి రంగు ఎంచినావు తల్లీ, ఈ ఏడు తానులకి తానులే లేచిపోతన్నాయి” అన్నాడట. ఎందుకు లేచిపోతున్నాయో మా అమ్మ అడగలేదు. పుస్తకాల్లో వదిలేసినవన్నీ వెతికే మనిషి, షావుకారు వదిలేసింది మాత్రం వెతకలేదు. కుట్టు మిషను మీద కూచుని తనే రెండు జతలు కుట్టేసింది. వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకే నమ్మకం కుదిరింది, ఎక్కడో ఒక బడి ఉందీ, అందులో నేను చదువుతున్నానూ అని.

ఊరి చివర హైస్కూలు వాళ్ళు ఆ ఏడే యూనిఫాం మార్చారని మాకెవరూ చెప్పలేదు. మార్చింది ఏ రంగులకో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

జూన్ నెల, బడులు తెరిచిన కొత్త. అమ్మ మమ్మల్ని గ్రంథాలయంలో కూచోబెట్టి పిండి ఆడించుకు రావడానికి మిల్లుకెళ్ళింది. లైబ్రరీ మావయ్య టీ తాగడానికి బయటికెళ్ళాడు. నేను అట్లాసు మీద వంగి ఉన్నాను. ఎదురుగా నేల మీద నీడ పడింది. తలెత్తితే మెడలో ఈల, గుబురు మీసం, చేతిలో బెత్తం. ఆ హైస్కూలు డ్రిల్లు మాస్టారు.

“ఏటే, ప్రేయరు అయిపోయి గంటైంది. ఇక్కడేటి సేస్తన్నారు? ఏ క్లాసు?”

నా ముందు రెండే దారులు. బడికి వెళ్ళం అంటే జీపు, హాస్టలు, తమ్ముడో ఊరు నేనో ఊరు. బడి ఎగ్గొట్టాం అంటే రెండు బెత్తం దెబ్బలు. చెయ్యి చాపడమే లాభమనిపించింది. “సెవెంత్ బీ సార్” అన్నాను. నా మీద ఉన్న గురి కొద్దీ మా తమ్ముడు కూడా వెంటనే, “నాను కూడా సెవెంత్ బీ సార్” అన్నాడు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు, చూడ్డానికి ఆరేళ్ళవాడిలా ఉండేవాడు.

“ఇంతున్నావు, నువ్వు సెవెంతేట్రా?”

“బేగి బేగి సదివీసాను సార్.”

పరీక్షలకి చదివే అన్న ఒకాయన లేచి, “సార్, ఆ పిల్లలు...” అని ఏదో చెప్పబోయాడు. “నువ్వు నీ సదువు సూసుకో బాబూ, ఈల్ల సంగతి నాను సూస్తాను” అని మాస్టారు మా ఇద్దర్నీ బయటికి నడిపించి, తమ్ముణ్ణి మోటారు సైకిలు ట్యాంకు మీద, నన్ను వెనకాల కూచోబెట్టి బండి తీశారు. బజారు మలుపులో కూరగాయల బండి దగ్గర పెద్దమ్మ కనపడింది. నేను ‘పెద్దమ్మా’ అని అరిచాననే అనుకున్నాను గాని గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పెద్దమ్మకి మాత్రం గొంతుకి లోటు లేదు. “ఓర్నాయనో! పట్టికెల్లిపోతన్నారే!” అని పెట్టిన కేక బండి చప్పుడులో కూడా వినపడింది.

బడిలో వాణ్ణి మూడో తరగతి వైపు తోసి, నన్ను సెవెంత్ బీ గుమ్మంలో వదిలేశారు. (ఆ ఆవరణలోనే చిన్న తరగతులూ ఉండేవి.) మమ్మల్ని విడదీయడానికి జీపు కూడా అక్కర్లేకపోయింది. క్లాసు నిండా పిల్లలు, కొత్త సంవత్సరం, ఎవరు ఎవరో టీచరుకి ఇంకా తెలియదు. నేను చివరి బెంచీలో చోటు చూసుకుని కూచున్నాను. పక్కనున్న పిల్ల, “నువ్వు కొత్తగొచ్చినావేటి?” అంది. “కాదు, పాతే” అన్నాను. అందరూ లేచినప్పుడు నేను కూచునేదాన్ని, అందరూ కూచున్నప్పుడు లేచేదాన్ని. టీచరు నాగావళి ఎక్కడ పుట్టిందని అడిగితే ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. పొద్దున్నే అట్లాసులో దాని మీద వేలు పెట్టి సముద్రం దాకా నడిపించాను. కానీ చెప్తే పట్టుబడిపోతానేమోనని పళ్ళు బిగించి కూచున్నాను. అలాంటి చదువు నా జన్మలో మళ్ళీ చదవలేదు. కళ్ళు కిటికీలోనే ఉన్నాయి. అమ్మ రాదు, అమ్మకి తెలీదు, తమ్ముడు ఎక్కడో ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుని ఉంటాడు.

ఇంతలో గంట గణగణమంది. పిల్లలంతా ఒక్కసారి కేకలేస్తూ బయటికి పరిగెత్తారు. ఏదో ప్రమాదం వచ్చిపడిందనుకుని నేనూ పరిగెత్తాను. (ఇంటర్వెల్ అనేదొకటి ఉంటుందని నేనెప్పుడో మర్చిపోయాను.) మూడో తరగతి గది ఖాళీగా ఉంది. వరండా అంతా వెతికాను. చివరికి మైదానంలో దుమ్ము రేగుతున్న చోట మావాడి గొంతు వినపడింది. ఏడుపు కాదు. “కబడ్డీ కబడ్డీ కబడ్డీ...” చొక్కా బొత్తాలు తెగి, మోకాలు చీరుకుని, పసుపు చొక్కాల మధ్య వెలిగిపోతున్నాడు. చెయ్యి పట్టి లాగాను. “పదరా! ఎవలూ సూడకుండా గోడ దూకి పోదాం.”

“ఉండక్కా” అన్నాడు చెయ్యి విదిలించుకుని. “నా ఆట అవ్వలేదు.”

నేనక్కడ అలా నిలబడి ఉండగానే అమ్మ గేటులోంచి వచ్చింది. జుట్టు నిండా పిండి, చేతిలో పిండి డబ్బా, వెనకాల ఆయాసపడుతూ పెద్దమ్మ. మా అమ్మ ఎప్పుడూ ఎవరితోనైనా గట్టిగా మాట్లాడే మనిషి. హెడ్మాస్టర్ మేడం గదిలో మాత్రం మెల్లగా మాట్లాడింది. “నా పిల్లలు మేడం. ఇంటికాడే సదువు సెప్పుకుంటన్నాను. తీసికెల్లిపోతాను” అంది. డ్రిల్లు మాస్టారి మొహం తెల్లబోయింది. “ఈ పాపే సెవెంత్ బీ అని సెప్పింది మేడం! బడి ఎగ్గొట్టినోల్లని తెచ్చాననుకున్నాను గాని, లేని పిల్లల్ని తెచ్చానని నాకేటి తెలుసు!”

మేడం నన్నూ నా స్కర్టునీ పైనుంచి కిందికి చూశారు. “బడికే పంపనప్పుడు ఈ యూనిఫాం ఏటమ్మా?”

“భయపడి కుట్టాను మేడం.”

“ఎవలికి భయపడి?”

అమ్మ మేడం వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది, గుమ్మంలో చేరిన పిల్లల వైపు చూసింది. “అందరికీ” అంది.

అప్పటిదాకా మా ఇంట్లో భయం నా ఒక్కదాని సొత్తే అనుకున్నాను. అమ్మ రోజూ మా ఇద్దరి భయం కన్నా పెద్దది మోస్తోందని, మా బతుకులు తన చేత్తో పాడు చేస్తున్నానేమో అని కుట్టు మిషను దగ్గర కూచుని దిగులుపడుతోందని నాకు అప్పుడే తెలిసింది. మేడం కసురుతారనుకున్నాను. ఆవిడ కుర్చీ చూపించి కూచోమన్నారు, మంచినీళ్ళిచ్చారు, ఇంట్లో చదివినా తర్వాత ఓపెన్ స్కూలులో పది పరీక్ష కట్టుకోవచ్చని చెప్పారు. హాస్టలు మాటే రాలేదు. (గుమ్మంలో పెద్దమ్మ కొంచెం నిరాశపడినట్టే అనిపించింది.) తర్వాత మా వైపు తిరిగి, “మీరేటంటారు? ఇంటికెల్తారా, ఇక్కడుంటారా?” అని అడిగారు.

“ఇంటికి” అన్నాను ఊపిరి తీసుకోకుండా.

తమ్ముడు చీరుకున్న మోకాలు గోక్కున్నాడు. “నాను రేపు కూడా వస్తాను మేడం. మా వైపు ఇంకా గెలవలేదు.”

అమ్మ వాడి చొక్కాకి అంటిన దుమ్ము దులిపింది. తర్వాత “సరే, ఎల్లు” అంది. దారంతా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాణ్ణి ఎవరో వచ్చి ఎత్తుకుపోతారని అన్నాళ్ళు కాపలా కాశాను. వాడంతట వాడే, అంత సంతోషంగా వెళ్ళిపోతాడని కలలో కూడా అనుకోలేదు. ఏ అరుగు చాటున దాచాలో తెలియని భయం అది.

మర్నాడు నేనొక్కదాన్నే మామూలు గౌను వేసుకుని గ్రంథాలయంలో కూచున్నాను. పొద్దున్న చదివిందేదీ తలకెక్కలేదు. సాయంత్రం నాలుగున్నరకి గుమ్మం దగ్గర దడదడమని అడుగులు. మావాడు, వాడి వెనక ఇద్దరు కొత్త స్నేహితులు. హాలంతా నిశ్శబ్దం. వాడు నా కేసి వేలు చూపించి, ఊళ్ళో ఎవరికీ లేని వస్తువేదో తమ ఇంట్లోనే ఉన్నట్టు, గొంతు చించుకుని చెప్పాడు. “అదిగోరా మా అక్క! మా అక్క బడికెల్లదు!”

పేపర్లన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. అన్నాళ్ళు అరుగుల చాటున, యూనిఫాం చాటున దాచిన మాట అలా నడి హాల్లో పడిపోయింది. నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని గుమ్మం వైపు చూశాను. ఎవరూ రాలేదు. కిటికీ పక్కనున్న తాత కళ్ళజోడు పైనుంచి చూసి, “మెల్లగా మాటాడు బాబూ” అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. పేపర్లన్నీ మళ్ళీ లేచాయి. స్నేహితుల్లో ఒకడు నా దగ్గరికొచ్చి, గుసగుసగా, “నిజంగా ఎల్లవేటి అక్కా? మీ అమ్మని మా అమ్మతో ఓపాలి మాటాడమనవా?” అన్నాడు.

ఇప్పుడు తల్చుకుంటే ఆ కుర్చీలో బిగుసుకుని కూచున్న పిల్ల పక్కన కాసేపు కూచుని, ‘భయపడకే, నీ గురించి ఎవరికీ అంత తీరిక లేదు’ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మేది కాదు. నన్ను కూడా పై నుంచి కిందికి చూసి, ఈవిడ ఏ ఆఫీసు నుంచి వచ్చిందోనని తమ్ముడి చెయ్యి పట్టుకుని పారిపోయేది.