కరెంటు లేని బోర్డు పంపిన స్కాన్

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. హిందూపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఎంత వింత జరిగినా, వెతికితే ఎక్కడో ఊడిన వైరు దొరుకుతుందని పిల్లలతో అనేదాన్ని. ఈ ఒక్కసారి మాత్రం ఏ వైరూ దొరకలేదు.

పెనుకొండలో ఒక చిన్న స్కానింగ్ సెంటరుకు నేనొక బోర్డు తయారుచేసి ఇచ్చాను. రోగుల స్కాన్లను బయటివాళ్ళు చూడకుండా ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, ధర్మవరంలోని డాక్టరుకు పంపాలి. వాళ్ళ పాత కంప్యూటరు దానికి చాలాసేపు తీసుకునేది. నా బోర్డులోని చిప్, మనం రాసిన డిజైన్ ప్రకారం తన లోపలి అమరికనే మార్చుకుని, ఆ పనిని క్షణాల్లో ముగిస్తుంది. ఒకటే చిక్కు. కరెంటు పోతే డిజైనూ తాళంచెవీ రెండూ చెరిగిపోతాయి. మళ్ళీ నా ల్యాప్‌టాప్ నుంచే ఎక్కించాలి. ల్యాప్‌టాప్‌లోనూ డాక్టరు దగ్గరా తప్ప ఆ తాళంచెవి ఇంకెక్కడా లేదు.

ఒక మధ్యాహ్నం సెంటరులో పనిచేసే మేరీ ఫోన్ చేసింది.

"అక్కా, మీ నాయన బండి మీద నుంచి పడినాడు. తలకు దెబ్బ తగిలిండాది. ఈడికే తెచ్చినారు. కరెంటు ఎక్కువొచ్చి మీ బోర్డు అడాప్టరు కాలిపాయ. స్కాన్ జనరేటరు మీద తీస్తాం గానీ, పంపేదెట్లక్కా?"

ఫోన్‌తో ఫొటోలు తీసి పంపితే ఏమీ తేల్చలేనన్నాడట డాక్టరు. తాళం పడని ఫైలును ఆయన కంప్యూటరు తీసుకోదు. అలా ఏర్పాటు చేసింది నేనే. ల్యాప్‌టాప్, వేరే అడాప్టరు బ్యాగులో వేసుకుని బస్సెక్కాను.

సోమందేపల్లి దగ్గర డాక్టరే ఫోన్ చేశాడు. "స్కాన్ వచ్చిందమ్మా, చూసినాను. లోపల రక్తం గడ్డ కడతాంది. ఒక్క నిమిషం కూడా ఆగద్దు, ఇక్కడికి పంపించేయండి."

నేను చేరేసరికి నాయనను అంబులెన్స్‌లోకి ఎక్కిస్తున్నారు. కాగితాల కోసం లోపలికి పరుగెత్తాను. అడాప్టరు నల్లగా కాలి ఉంది. బోర్డు మీద ఒక్క లైటూ వెలగడం లేదు.

"ఎట్ల పంపినావు మేరీ?"

"నేను పంపలేదక్కా. దాన్ని ముట్టుకోనే లేదు." ఆమె ముఖం పాలిపోయి ఉంది.

ఆపరేషన్ అయింది. నాయన బతికాడు.

తర్వాత బోర్డు తెచ్చి చూశాను. చిప్ ఖాళీ. డాక్టరుకు చేరిన ఫైలు మాత్రం నా తాళంచెవితోనే తెరుచుకుంది. అందులో నాయన పేరుంది. స్కాన్ తీసిన సమయం, అడాప్టరు కాలిన చాలాసేపటి తర్వాతది. అప్పుడు నేను బస్సులో ఉన్నాను, ల్యాప్‌టాప్ ఆపేసి ఒళ్ళోని బ్యాగులో ఉంది.

వారం తర్వాత నాయన, మంచం మీద నుంచే, నిష్ఠూరంగా అడిగాడు.

"ఆ పొద్దు నేను పడుకోని ఉంటే నువ్వు ఆ మిషన్ దగ్గర కూర్చోని ఉండావు గదమ్మా. ఎన్నిసార్లు పిలిచినా తిరిగి సూడకపోతివే?"

తలకు దెబ్బ తగిలినవాళ్ళకు ఏవేవో కనిపిస్తాయి, అది నాకు తెలుసు. ఆయన మాటను అలా కొట్టేయగలను. ఆ ఫైలును ఏమని కొట్టేయాలో ఇప్పటికీ తెలియడం లేదు.