కిరసనాయిలుతో తుడిచిన మెట్లు

అన్న నిచ్చెన దిగి పక్కకి జరిగాడో లేదో, తమ్ముడు కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో అతని చేతులు పడిన కర్రమెట్లన్నీ తుడిచేశాడు. పనివాళ్లంతా చూస్తుండగానే.

గోడలకు రంగులేసే ఆ గుంపులో ఎత్తు పని ఎప్పుడూ అన్నదే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ 'నిచ్చెన'. అతనికి హెచ్ఐవీ ఉందన్న మాట ఎవరి నోట జారిందో గానీ, మర్నాటికల్లా అతని కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది.

"నువ్వింక ఎక్కొద్దన్నయ్యా. కింద కూర్చుని రంగులు కలుపు."

"ఎక్కడానికి నాకేం రోగం?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. "నీ మంచికే చెబుతున్నా."

మంచి కోరేవాళ్లు ఇంట్లోనూ ఉన్నారు. చెంబెడు నీళ్లు ముంచుకోబోయినా భార్య లాక్కునేది. "మీరు పడుకోండి. ఒంట్లో సత్తువేదీ?" మందులు మొదలెట్టిన కొత్తలో కళ్లు తిరిగిన మాట నిజమే. అది తగ్గినా ఆవిడ భయం తగ్గలేదు. పడుకుంటే అరికాళ్లలో చీమలు పాకినట్టుండేది. లేచేవాడు, గుమ్మం దాకా వెళ్లేవాడు, మళ్లీ వచ్చి కూలబడేవాడు. పొట్ట పెరిగింది. మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇలాగే ఉంటే తను మళ్లీ నిచ్చెన ఎక్కడం కల్ల అని అతనికి అర్థమైపోయింది.

"నడవండి, బరువులెత్తండి" అంది మందులిచ్చే నర్సమ్మ. "మందు పని మందు చేస్తుంది. కండ మీరే పెంచుకోవాలి."

"ఎక్కడ నడవనమ్మా? పార్కులోకెళ్తే బెంచీలు ఖాళీ అయిపోతున్నాయి."

"మరింకేం, దారంతా మీదే!"

చాన్నాళ్లకు నవ్వొచ్చింది అతనికి. అయినా పార్కుకు వెళ్లలేదు. పనివాళ్లు అన్నాలకు కూర్చున్నప్పుడు, రంగులేస్తున్న మేడ మెట్లే ఎక్కి దిగసాగాడు. మొదట రెండో అంతస్తుకే గుండె నోట్లోకొచ్చేది. తర్వాత డబ్బాలు కూడా మోసుకెళ్లడం మొదలుపెట్టాడు.

"నిచ్చెనకి పిచ్చి పట్టిందిరోయ్!" అని కింద నుంచి కేకలు. పట్టిందేమో. కుర్చీ పిచ్చి కంటే ఇదే నయమనిపించింది.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేని సమయం చూసి నిచ్చెన ఎక్కనే ఎక్కాడు. దిగేసరికి ఎదురుగా తమ్ముడు. గుడ్డ తీశాడు. ఈసారి కోపంలో ఎంత కిరసనాయిలు పోశాడో, ఆరనైనా ఆరనివ్వకుండా తనే ఎక్కాడు. మూడో మెట్టు మీద కాలు జర్రున జారింది. దబ్బున పడ్డాడు. చీలమండ బెణికింది.

"అన్నయ్యా!" అని అరిచి, లేపడానికొచ్చిన అన్న మెడను రెండు చేతులా వాటేసుకున్నాడు. నొప్పిలో భయం గుర్తురాలేదు పాపం.

అన్న అతన్ని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. మెట్లు పొడిగుడ్డతో తుడిచి, బ్రష్షు అందుకుని పైకెక్కాడు. సగంలో ఆగాడు. ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కాడు. ఆ గోడ ఆ సాయంత్రానికి పూర్తయింది.

కొన్నాళ్లకు అన్న వేరే మేడలో పని ఒప్పుకుని, నిచ్చెన తీసుకుపోవడానికొచ్చాడు. తమ్ముడు ఆ కుర్చీలోనే ఉన్నాడు. కట్టు విప్పేశారు, అయినా కాలు కింద మోపడంలేదు. అలవాటుగా చేతిలో గుడ్డ ఉంది గానీ తుడవలేదు, తల కూడా ఎత్తలేదు.

అన్న నిచ్చెన భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"లేచి నాలుగడుగులు వెయ్యరా. కూర్చుంటే కాలు బిగుసుకుపోతుంది."