రేవులో వేసిన కేక

మా ఆయన ఆంథోనీ ఇల్లెక్కడని యానాంలో ఎవరినడిగినా ముందు నవ్వుతారు, తర్వాత దారి చూపిస్తారు. కేకల ఆంథోనీ అంటే మా ఫరంపేటలో తెలియనివాళ్లు లేరు. ఆ పేరు రావడానికి కారణం ఉమామహేశ్వరం. వాడి సంగతి ఎత్తకుండా మా ఆయన సంగతి చెప్పడం నా వల్ల కాదు.

అరవై తొమ్మిదిలో అమలాపురం నుంచి యానాం దాకా సైకిలు పందెం పెట్టారు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాలి. రేవుకొక కట్టుబాటుంది: ఒడ్డు మీంచి మనిషి కేకేస్తే పంటు ఆగాలి, వాడు పగవాడైనా సరే. ఉమామహేశ్వరం ముందొచ్చి ఎక్కాడు. వంద గజాల వెనక మా ఆయన గొంతు చించుకుని కేకేశాడు. పంటు ఆగలేదు. ఇవతలి ఒడ్డున ఆఖరి మైలులో మా ఆయన్ని దాటగలిగినవాడు ఈ చుట్టుపక్కల లేడు, అది వాడికీ తెలుసు. పెద్దలు నిలదీస్తే, నాకు కేక వినపడలేదండి అన్నాడు. గెలిచిన కప్పు చూపించి ఉద్యోగం కొట్టాడు. మా ఆయనకేమో, తొక్కలేక కేకల కథ అల్లాడన్న పేరు మిగిలింది. మా పెళ్లి విందులో కూడా ఎవడో కేకేసి అందరినీ నవ్వించాడు. ఆనాడు మండిన నా కడుపు మళ్లీ చల్లారలేదు.

పందేలు మానేసి పంక్చర్లు వేసుకుంటున్న మనిషికి ఎనభై నాలుగులో కొత్త పిచ్చి పట్టింది. పాండిచ్చేరి నుంచి వచ్చే ఫ్రెంచివాళ్లు కారులో ఊరు చుట్టేసి గంటలో వెళ్లిపోతున్నారట, వాళ్లకి గోదావరిని సైకిలు మీద చూపించాలట. ఎనిమిది పాత సైకిళ్లు బాగుచేశాడు. ఒక రోజు దరియాలతిప్ప, ఒక రోజు పంటు దాటి కోనసీమ కొబ్బరితోటలు. వెనక సీటు మీద భోజనం క్యారేజీతో నేను. నలుగురితో మొదలైంది, మూడేళ్లకి సైకిళ్లు చాలలేదు. మా జనం ఎక్కాక మమ్మల్ని అడగందే సరంగు పంటు తీసేవాడు కాదు.

ఎనభై ఏడు జనవరిలో ఒక ఉదయం సైకిళ్లన్నీ ఎక్కించాం. ఎక్కే బల్ల లాగేస్తుంటే ఒడ్డు మీంచి కేక. ఉమామహేశ్వరం, చంకలో కాగితాలు. ముమ్మిడివరంలో పొలం రిజిస్ట్రేషనట, ఆ రోజే గడువట. మా ఆయన చెయ్యెత్తి సరంగుని ఆపాడు.

"అరవై తొమ్మిదిలో నా కేక విన్నావా, లేదా? చెప్పి ఎక్కు."

చేపల బుట్టలవాళ్లు, టీకొట్టు మనుషులు, మా ఫ్రెంచివాళ్లు అందరూ చూస్తున్నారు. ఉమామహేశ్వరం తల దించుకున్నాడు.

"విన్నాన్రా. పంటు తియ్యమన్నది నేనే."

మా ఆయన కళ్లు తుడుచుకుని, బల్ల వెయ్యడానికి వంగాడు. అంతే, పద్దెనిమిదేళ్ల పగ కరిగిపోయింది! ఇలాంటి మనిషిని కట్టుకుని నేనేం చెయ్యను? అవతలివాడు ఏరు దాటి తెప్ప తగలేసే రకం. సరంగు వైపు తిరిగి తియ్యమన్నాను. అతను ఫరంపేటవాడే. నా ముఖం చూసి పంటు తీశాడు.

ఉమామహేశ్వరం మోకాల్లోతు నీళ్లలోకి దిగి అరుస్తున్నాడు.

"జోసెఫినూ, పిలుస్తున్నాడే," అన్నాడు మా ఆయన.

"నాకేం వినపడలేదండి," అన్నాను.